మూతీ గడ్డమూ మాత్రమే మిగిలితే: బ్యాట్‌మన్ నాలుగు సినిమాల 4కె సెట్ రివ్యూ

ఈ పెట్టెలో నాలుగు సినిమాలున్నాయి. బ్యాట్‌మన్‌లు ముగ్గురు, విలన్లు అరడజను పైచిలుకు. వార్నర్ బ్రదర్స్ 1989, 1992, 1995, 1997లలో విడుదల చేసిన సినిమాలనే 2019లో 4కె డిస్కులుగా తెచ్చి, ఒకే సెట్‌గా కట్టి అమ్ముతున్నారు. కథల గురించీ ఫైట్ల గురించీ రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి నాకు తెలిసిన సంగతి మీదే ఉంటాను. తెనాలి చుట్టుపక్కల పరిషత్తు నాటకాలకీ పద్య నాటకాలకీ మేకప్ వేయడం నా పని. దుర్యోధనుడి వేషానికి ఎంతమంది ముఖాలకో రంగు పూశాను. కిరీటం అదే, మీసం అదే, పద్యాలూ అవే. ఒకాయన స్టేజి ఎక్కితే రాజు కనిపిస్తాడు, ఇంకొకాయన ఎక్కితే కిరీటం కనిపిస్తుంది.

బ్యాట్‌మన్ వేషంలో ఇంకో చిక్కు ఉంది. మన కిరీటం నుదుటి దగ్గర ఆగుతుంది. ఈ రబ్బరు తొడుగు కనుబొమల్ని, ముక్కుని, బుగ్గల్ని, చెవుల్ని, మెడని కూడా మింగేస్తుంది. నటుడికి మిగిలేది రెండు కళ్ళు, మూతి, గడ్డం. కనుబొమలు కదపకుండా కోపం చూపించమంటే మా వాళ్ళలో సగం మంది అడ్వాన్సు వెనక్కిచ్చేస్తారు. విలన్లకి ఆ బాధ లేదు. వాళ్ళకి రంగులున్నాయి, జుట్టున్నాయి, అరుపులున్నాయి. అందుకే ఈ సెట్‌లో హీరోలు పోటీకి దిగకముందే ఓ అడుగు వెనకబడి ఉంటారు. ఆ సంగతి తెలిసి నటించింది మైకేల్ కీటన్ ఒక్కడే అని నా అభిప్రాయం. కొనాలా వద్దా అనేది మొదటి రెండు డిస్కులు మీకెంత ముఖ్యమో దాన్ని బట్టి తేల్చుకోండి.

1989లో వచ్చిన మొదటి సినిమాకి కీటన్‌ని బ్యాట్‌మన్‌గా తీసుకున్నప్పుడు అమెరికాలో పెద్ద గొడవే జరిగింది. అప్పటికి ఆయన కామెడీ నటుడు. ఎత్తు అంతంతమాత్రం, కండలూ లేవు. స్టూడియోకి యాభై వేల దాకా నిరసన ఉత్తరాలు వచ్చాయని చెప్తారు. దర్శకుడు టిమ్ బర్టన్ వినలేదు. కండలున్నవాడికి రబ్బరు కండలు తొడుక్కోవాల్సిన పనేముంది, మామూలు మనిషైతేనే ఆ వేషం అవసరమవుతుంది అన్నది ఆయన వాదన. సినిమా చూస్తే ఆయన మాట నిజమేననిపిస్తుంది. విక్కీ వేల్‌ని భోజనానికి పిలిచిన సీన్ చూడండి. ఇంత పొడుగు బల్లకి ఆ కొసన ఒకరు, ఈ కొసన ఒకరు. కాసేపయ్యాక, ఈ గదిలోకి నేనెప్పుడూ వచ్చినట్టు లేదే అంటాడు బ్రూస్ (ముసుగు లేనప్పుడు బ్యాట్‌మన్ పేరు అదే). సొంత ఇల్లది! ఆ మాటని కీటన్ జోకులా అనడు. ఆ క్షణంలోనే తట్టినట్టు అంటాడు. పగలు ఎవరూ లేకుండా బతికే మనిషి అతను. రాత్రి వేషం వేస్తేనే ఎవరో ఒకరవుతాడు.

ఇక మెడ సంగతి. ఆ తొడుగులో తల పక్కకి తిరగదు. ఎవరైనా పిలిస్తే నడుము దగ్గర్నుంచి మొత్తం శరీరం తిప్పాల్సిందే. మామూలు నటుడైతే అవస్థ పడుతున్నట్టే కనిపించేవాడు. కీటన్ దాన్ని నడతగా మార్చేసుకున్నాడు. నిలబడతాడు, కదలడు, తిరిగితే ఒక్కసారి నిలువునా తిరుగుతాడు. రాతి విగ్రహం పీఠం మీదే తిరిగినట్టు ఉంటుంది. మొదట్లో మేడ మీద దొంగని పట్టుకుని తనెవరో చెప్పేటప్పుడు అరవడు, గుసగుసగా అంటాడు. అంత చిన్న గొంతు వినపడాలంటే పెదవుల్ని చూడాలి. చూపించడానికి అతని దగ్గర ఉన్నదీ ఆ పెదవులే. ఈ సెట్‌లో సౌండ్ కొత్తగా డాల్బీ అట్మాస్‌లో చేశారు. ఆ గుసగుస మా ఇంట్లో మామూలు సౌండ్‌బార్ మీదే ఒళ్ళు జలదరించేలా వినిపించింది.

ఈ మెడ బాధ ఎంత కాలం సాగిందంటే, 2008లో వచ్చిన ‘ద డార్క్ నైట్’లో బ్రూసే స్వయంగా తల తిప్పగలిగే సూట్ కావాలని అడుగుతాడు. కాస్ట్యూమ్ ఇబ్బంది కథలో డైలాగ్ అయి కూర్చుంది. నాకు ఆ సినిమాలో అందరికంటే ముందు గుర్తొచ్చేది అదే.

జోకర్ అనే విలన్‌గా వేసిన జాక్ నికల్సన్‌కి వద్దాం. టైటిల్స్‌లో హీరో కంటే ముందు పడేది ఆయన పేరే. పారితోషికం మీద వసూళ్ళలో వాటా కూడా రాయించుకున్నాడు, అది కొన్ని కోట్ల డాలర్లయిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆయన మేకప్ చేసింది నిక్ డడ్మన్. జోకర్ నవ్వు ఎప్పటికీ ముఖం మీద ఉండిపోవాలి. బుగ్గలకీ పెదవుల చివరలకీ అతుకులు వేశారు, కానీ నికల్సన్ ముఖాన్ని పాతిపెట్టలేదు. ఆ కనుబొమలు ఆయన ఆస్తి, వాటిని ముట్టుకోలేదు. తెల్లరంగు కింద కూడా మనిషి తెలిసిపోతూనే ఉంటాడు. మేకప్ మనిషికి అది గొప్ప సంయమనం.

నాకు బాగా నచ్చింది ఇంకోటి. ఈ జోకర్ అసలు చర్మమే తెల్లగా మారిపోయింది కదా, నలుగురిలోకి వెళ్ళాల్సి వచ్చినప్పుడు దాని మీద మనిషి రంగు పూసుకుంటాడు. గ్యాంగ్ లీడర్లతో మీటింగ్ సీన్‌లో చూడండి: రంగు మీద రంగు. అందరం తెల్లగా కనపడ్డానికి పూసుకుంటే ఇతను మామూలుగా కనపడ్డానికి పూసుకుంటాడు. 4కెలో ఆ రెండు పొరలూ విడివిడిగా తెలుస్తాయి. మ్యూజియం సీన్‌లో పాట పెట్టుకుని పెయింటింగులన్నిటి మీదా రంగులు గుమ్మరిస్తూ, ఫ్రాన్సిస్ బేకన్ బొమ్మ దగ్గరకొచ్చేసరికి ఇది నాకు నచ్చింది, వదిలెయ్ అంటాడు. ఆ పూట నికల్సన్ ఒళ్ళంతా డాన్సులో ఉంది. కీటన్ ఉన్నచోటు నుంచి కదలడు, ఈయన ఒక్కచోట ఆగడు. మన పాత పౌరాణికాల్లో ఎన్.టి.ఆర్., ఎస్.వి.ఆర్. ఒకే ఫ్రేములో ఉంటే ఎవర్ని చూడాలో తెలియనట్టు ఉంటుందే, అలాంటి సుఖం అన్నమాట.

రెండో సినిమా ‘బ్యాట్‌మన్ రిటర్న్స్’. ఈ సెట్‌కి పెట్టిన డబ్బు నాకు దీనితోనే వసూలైపోయింది. ఆ ఏడాది ఆస్కార్ మేకప్ విభాగంలో వీ నీల్, రానీ స్పెక్టర్, స్టాన్ విన్‌స్టన్‌లకి నామినేషన్ వచ్చింది. అవార్డు మాత్రం డ్రాకులా సినిమాకి పోయింది. డానీ డివిటోకి వేసిన పెంగ్విన్ వేషం చూస్తే ఎందుకు నామినేట్ చేశారో అర్థమవుతుంది. కొక్కెంలాంటి ముక్కు, పాలిపోయిన చర్మం, నోట్లోంచి కారే నల్లటి జొల్లు. పచ్చి చేపని కొరుక్కు తింటుంటే మా ఆవిడ లేచి లోపలికి వెళ్ళిపోయింది. అంత బరువు కింద మనిషి చచ్చిపోవాలి నిజానికి. డివిటో కళ్ళతో బతికించాడు. కన్నవాళ్ళు నీళ్ళలో వదిలేసిన బిడ్డ అన్న దుఃఖం ఆ కళ్ళలో ఉంటుంది, మరుక్షణం పక్కవాడి ముక్కు కొరికేస్తాడు. రెండూ నమ్మొచ్చు.

క్యాట్‌వుమన్‌గా వేసిన మిషెల్ ఫైఫర్ గురించి మాత్రం తీరిగ్గా చెప్పాలి.

ఆమె సెలీనా కైల్ అనే సెక్రటరీ. యజమాని కిటికీలోంచి తోసేస్తాడు. ఎలాగో బతికి ఇంటికొస్తుంది. ఆ గదిలో సీన్ మొత్తం ముసుగు లేకుండానే నడుస్తుంది. తలుపు తీయడం, రోజూ అనే మాటే అలవాటుగా అనడం, పాలు తాగుతుంటే సగం మీద నుంచి కారిపోవడం, ఫోన్లో మెసేజ్ వింటూ ఉన్నట్టుండి విరుచుకుపడడం. బొమ్మరిల్లు మీద నల్లరంగు స్ప్రే చేస్తుంది. గోడ మీద వెలిగే పలకరింపు బోర్డులో రెండక్షరాలు పగలగొడితే అది కాస్తా నరకం ఇదే అన్న అర్థానికి మారిపోతుంది. తర్వాత నల్లకోటు ముక్కలు కోసి కుట్టుకుంటుంది. బట్టలేసుకుంటే క్యాట్‌వుమన్ అయిపోయిందని కాదు, అప్పటికే అయిపోయింది కాబట్టి బట్టలు కుట్టుకుంది. వేషం లోపల్నుంచి బయటికి రావాలి అని మా గురువుగారు అనేవారు. ఆయన ఈ సీన్ చూసుంటే బాగుండేది.

ఆ తర్వాత మేకప్‌ని గమనించండి. సినిమా ముందుకెళ్ళే కొద్దీ సూట్ కుట్లు ఊడుతుంటాయి, లిప్‌స్టిక్ చెదురుతుంటుంది, చివరికొచ్చేసరికి చిరుగుల్లోంచి జుట్టు బయటికొచ్చేస్తుంది. ఏ సీన్‌కి ఎంత చెదరాలో లెక్క పెట్టుకుని చేసిన పని అది. సినిమాని వరసగా తీయరు కదా! ఇవాళ క్లైమాక్స్, రేపు మొదటి సీన్ తీస్తుంటే ఆ లెక్క తప్పకుండా పట్టుకోవడం ఎంత కష్టమో నాలాంటివాడికి తెలుస్తుంది. కొరడా కూడా ఆమె స్వయంగా నేర్చుకుంది. కొట్టులో బొమ్మల తలలు వరసగా ఎగరగొట్టింది ఆమే. బతికున్న పిట్టని నోట్లో పెట్టుకున్నదీ ఆమే. ఇప్పుడైతే కంప్యూటర్‌లో పెట్టేవారు.

ఈ సినిమాలో నేను రెండుసార్లు వెనక్కి తిప్పి చూసింది మాస్కుల పార్టీ. ఊరంతా ముసుగులేసుకుని వచ్చిన ఆ విందులో ముసుగు లేనివాళ్ళు ఇద్దరే, బ్రూస్, సెలీనా. వాళ్ళ మామూలు ముఖమే వాళ్ళకి వేషం. డాన్సు చేస్తూ చేస్తూ ఒకరెవరో ఒకరికి తెలిసిపోయే క్షణంలో ఇద్దరి ముఖాలూ చూడండి. ఇప్పుడు మనం కొట్టుకోవాలా అని ఆమె అడిగే తీరులో చిన్నపిల్ల భయం ఉంది. అంతవరకూ మూతీ గడ్డంతో నెట్టుకొచ్చిన కీటన్‌కి ఇక్కడ పూర్తి ముఖం దొరికింది. అయినా పొదుపుగానే వాడాడు.

ఇదే సినిమాలో ఓ తప్పు కూడా ఉంది. ఏ మేకప్ మనిషికైనా కడుపులో తిప్పుతుంది. తొడుగు కన్నాల్లోంచి చర్మం కనపడకుండా కళ్ళ చుట్టూ నల్లరంగు పూస్తారు. క్లైమాక్స్‌లో కీటన్ ఆ తొడుగుని చింపేసుకుంటాడు. చింపే షాట్‌లో కళ్ళ చుట్టూ నలుపే లేదు! ముందు షాట్ దాకా ఉన్న రంగు మాయమైపోయింది. ముఖం శుభ్రంగా, పార్టీకి వెళ్ళేవాడిలా ఉంటుంది. పాత క్యాసెట్లలో ఈ తప్పు చీకట్లో కలిసిపోయేది. 4కెలో దాక్కునే చోటు లేదు. ఆ రంగుని నిజంగా ముఖం మీద వదిలేసి చూపించే ధైర్యానికి ముప్పై ఏళ్ళు పట్టింది. 2022లో వచ్చిన ‘ద బ్యాట్‌మన్’లో హీరో రాబర్ట్ ప్యాటిన్‌సన్ ముసుగు తీశాక కళ్ళ చుట్టూ నల్లమరకలతోనే తిరుగుతాడు. నిద్రలేని మనిషిలా, ఏడ్చిన మనిషిలా కనిపిస్తాడు. నాటకం అయ్యాక గ్రీన్‌రూమ్‌లో రంగు సగం తుడుచుకుని టీ తాగే నటుల్ని చూస్తుంటాను, అచ్చం అలాగే ఉన్నాడు.

మూడో డిస్కు, ‘బ్యాట్‌మన్ ఫరెవర్’. దర్శకుడు మారాడు, జోయెల్ షూమాకర్ వచ్చాడు. హీరో వాల్ కిల్మర్. ముగ్గురిలో ఈ తొడుగుకి సరిగ్గా సరిపోయిన మూతి ఇతనిదే. ఎవరో చెక్కినట్టుంటాయి పెదవులు. కానీ లోపల మనిషి లేడు. తన జీవితం మీద 2021లో వచ్చిన డాక్యుమెంటరీలో కిల్మరే ఆ సంగతి చెప్పాడు. ఆ సూట్‌లో వినపడేది కాదట, కొన్నాళ్ళకి సెట్‌లో జనం అతనితో మాట్లాడ్డమే మానేశారట, చెప్పిన చోటికొచ్చి నిలబడ్డమే తన పనని అర్థమైపోయిందట. అది విని మళ్ళీ ఈ డిస్కు పెట్టుకుంటే జాలేస్తుంది. బ్రూస్‌గా ఉన్నప్పుడు, చిన్నప్పటి జ్ఞాపకాలు చెప్పే సీన్లలో, మంచి నటుడు కనిపిస్తూనే ఉంటాడు. రబ్బరు తొడగ్గానే లైటు ఆరిపోతుంది. 2025 ఏప్రిల్‌లో పోయాడు పాపం.

ఇందులో విలన్లిద్దరు. జిమ్ కారీ రిడ్లర్, టామీ లీ జోన్స్ టూ ఫేస్. జోన్స్‌కి మేకప్ చేసినవాడు రిక్ బేకర్, మా వృత్తిలో దేవుడు లాంటివాడు. సగం ముఖం గులాబీ ఊదా రంగులో కాలినట్టు ఉంటుంది. అంత పని చేసిపెడితే జోన్స్ ఏం చేశాడు? కారీ కంటే గట్టిగా అరవాలని చూశాడు. రెండు ముఖాల మనిషికి రెండు స్వభావాలుండాలి, ఈయన రెండు వైపులా ఒకటే కేక. షూటింగ్ రోజుల్లో ఓ హోటల్లో కలిసినప్పుడు నీ కోతిచేష్టలు నేను భరించలేను అన్న అర్థంలో జోన్స్ తన మొహం మీదే అన్నాడని కారీ తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పుకున్నాడు. తెర మీద మాత్రం ఎవరి కోతిచేష్టలు ఎవరివో విడదీయలేం. కారీవి కనీసం శుద్ధమైనవి: మోకాళ్ళు, వేళ్ళు, చేతికర్ర తిప్పడం, ఒంట్లో ప్రతి కీలూ పనిచేస్తుంది. పావుగంట బావుంటుంది. తర్వాత టీవీ సౌండ్ తగ్గించాను.

నాలుగోది ‘బ్యాట్‌మన్ అండ్ రాబిన్’. మా అబ్బాయి “నాన్నా, ఇది చూడకపోయినా నష్టం లేదు” అన్నాడు. చూశాను. ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్‌కి నీలిరంగూ వెండిరంగూ పూసి, తళతళలాడే కవచం తొడిగి, మంచు మీద జోకులు వేయించారు. ధ్రువపు ఎలుగు చెప్పులేసుకుని అనుచరుల చేత పాట పాడిస్తుంటాడు. జబ్బుపడిన భార్యని గడ్డకట్టించి కాపాడుకుంటున్న శాస్త్రవేత్త కథ అది, ఎంత బాధ పలికించొచ్చు! జార్జ్ క్లూనీ ఏ సీన్‌లోనైనా క్లూనీయే. తల కాస్త ఊపుతూ, నవ్వుతూ, తొడుగేసుకున్నా తీసేసినా తేడా లేదు. ఈ సినిమాకి ఆయన ఇప్పటికీ సారీ చెప్తూనే ఉంటాడు. ఉమా థర్మన్ ఒక్కతే తాను ఎలాంటి సినిమాలో ఉందో గ్రహించి పాతకాలం నాటకపు నాయికలా ప్రతి మాటా సాగదీసి ఆడుకుంది. ఆమె ఉన్నంతసేపూ నవ్వుకున్నాను.

ఈ నాలుగు సినిమాల్లోనూ మారనివాళ్ళిద్దరే: బ్రూస్ ఇంటి నౌకరు ఆల్ఫ్రెడ్‌గా మైకేల్ గాఫ్, పోలీసు కమిషనర్ గోర్డన్‌గా ప్యాట్ హింగిల్. గోర్డన్‌కి పెద్దగా పనిలేదు. గాఫ్ మాత్రం ముగ్గురు బ్రూస్‌లనీ ముగ్గురు వేరే కొడుకుల్లా చూశాడు. కీటన్ దగ్గర ఆందోళన, కిల్మర్ దగ్గర ఓపిక, క్లూనీ దగ్గర వీడ్కోలు. చివరి సినిమాలో మంచం పట్టిన ఆల్ఫ్రెడ్ పక్కన కూర్చుని క్లూనీ నిన్ను ప్రేమిస్తున్నాను అని చెప్పే ఒక్క సీన్‌లో ఇద్దరూ నిజంగా నటులు. ఆ సీన్ కోసం ఆ డిస్కుని పూర్తిగా తిట్టలేకపోతున్నాను.

‘ద డార్క్ నైట్’లో జోకర్ వేసిన హీత్ లెడ్జర్ లేడేంటి అని అడుగుతారు. అది వేరే సెట్. అయినా ఒక్క ముక్క చెప్పాలి. నికల్సన్‌ది నున్నగా, అచ్చుపోసినట్టు ఉండే రంగు. లెడ్జర్‌కి జాన్ కాగ్లియోన్ రంగు వేసేటప్పుడు ఆయన్ని ముఖం ముడుచుకోమనేవాడట. ముడతల మీద పూస్తే, ముఖం వదిలాక పగుళ్ళు వస్తాయి. మేము అర్దళం (నాటకాల్లో ముఖానికి పూసే రంగు) పూసేటప్పుడు నటుణ్ణి ముఖం బిగించొద్దని బతిమాలతాం, వాళ్ళు కావాలనే బిగించుకున్నారు. అందుకే ఆ జోకర్ తన రంగు తానే పూసుకున్నట్టు, తుడుచుకోవడం మర్చిపోయినట్టు ఉంటాడు. పోలిక కావాలంటే ఆ సెట్ కూడా పక్కన పెట్టుకోవాలి. ఇద్దరిలో ఎవరు గొప్ప అంటే నేను చెప్పను. మేకప్ మాత్రం రెండోదానికే ఎక్కువ మార్కులు.

ఇక వస్తువు సంగతి. ప్రతి సినిమాకీ ఒక 4కె డిస్కు, ఒక మామూలు బ్లూరే ఉంటాయి, మొత్తం ఎనిమిది. 4కె డిస్కులకి రీజియన్ లాక్ (ఫలానా దేశాల ప్లేయర్లలోనే ఆడేలా పెట్టే కట్టడి) లేదు కాబట్టి అమెరికా నుంచి తెప్పించుకున్నా ఇక్కడ ఆడతాయి, కానీ 4కె ప్లేయర్ ఉండాలి. మేం మా అబ్బాయి గేమ్ మెషీన్ పీఎస్5 (ప్లేస్టేషన్ 5)లో చూశాం. డిస్కు పెట్టే మోడల్ అయితేనే కుదురుతుంది, పీఎస్4లో 4కె డిస్కు ఆడదు. నా సెట్‌లో తెలుగు ఆడియో గానీ తెలుగు సబ్‌టైటిల్స్ గానీ లేవు. మొదటి రెండు సినిమాల్లో రాత్రి సీన్లు ఎక్కువ. నల్ల సూట్, నల్ల గోడ, నల్ల ఆకాశం మూడూ మూడు నలుపులుగా కనపడటం ఈ ప్రింట్ చేసిన మేలు. గది లైట్లు ఆర్పేసి చూడండి. మూడూ నాలుగూ రంగుల లైట్లతో నిండి ఉంటాయి, కళ్ళు జిగేల్మంటాయి.

నేను కొన్న ఆన్‌లైన్ అమ్మకందారు పెట్టెని పల్చటి కవర్లో పంపాడు. ఓ మూల నలిగింది, లోపల డిస్కు ఒకటి ఊడి తిరుగుతోంది. గీతలు పడలేదు కాబట్టి వదిలేశాను. రాగానే విప్పి ఎనిమిదీ చూసుకోండి.

అదనపు సరుకు చాలావరకు బ్లూరే డిస్కుల్లో ఉంది, వాటిని పక్కన పడేయకండి. ఆరు భాగాల డాక్యుమెంటరీ నాలుగు సినిమాలకీ పంచిపెట్టారు. తొడుగుల తయారీ, మేకప్ కుర్చీ, సెట్లు అన్నీ దాన్లోనే. నాలుగో సినిమా తాలూకు భాగంలో షూమాకర్ కెమెరా వైపు చూసి, మిమ్మల్ని నిరాశపరిచి ఉంటే క్షమించండి అంటాడు. తప్పంతా తన నెత్తినే వేసుకుంటాడు, నటుల్ని ఒక్క మాట అనడు. ఆయన కామెంటరీ కూడా ఉంది, నేనింకా పూర్తిగా వినలేదు.

సెట్ మొత్తానికి నా మార్కులు ఐదుకి మూడున్నర. నాటకాలవాళ్ళూ మేకప్ నేర్చుకునేవాళ్ళూ రెండో సినిమా కోసమైనా కొనొచ్చు. ధర ఎక్కువనిపిస్తే మొదటి రెండూ విడిగా కూడా దొరుకుతాయి, అవి తీసుకుని ఊరుకోండి.